సున్నా అమ్మిన మందుల షాపు

ఫిబ్రవరి 3

అమ్మడూ,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటా అనుకోకు. మొన్న నువ్వు ఫోన్లో "విధానం వచ్చింది" అంటే నాకు "విమానంలో వస్తున్నా" అని వినబడింది. అదే మీ అత్తయ్యకి చెప్పాను. ఆవిడ పై గది కడిగి, దుప్పట్లు మార్చి, సాయంత్రం దాకా గుమ్మంలోనే నిలబడింది. అప్పట్నుంచి ఫోను నా చేతికి ఇవ్వడం మానేసింది. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది తనకి ఇష్టమైనవే వింటోంది. ఇకమీద మన మాటలు కాగితం మీదే.

నువ్వు చెప్పిన ఆ విధానం ఇవాళ షాపుకి వచ్చింది. మందుల ఇన్‌స్పెక్టరు స్వయంగా మోసుకొచ్చాడు. రిజిస్టరు ఒకటి, పదమూడు పేజీల సర్క్యులరు ఒకటి, తలుపంత పోస్టరు ఒకటి. గోడ మీద చోటు లేదని పోస్టరుని అద్దాల బీరువాకి అంటించి పోయాడు. ఇప్పుడు దగ్గు మందు తీయాలంటే తలుపు సగమే తెరుచుకుంటోంది. నేను పక్కకి తిరిగి చెయ్యి దూర్చాల్సి వస్తోంది.

పోస్టరు మీద ఏముందో నీకు తెలిసే ఉంటుంది. ఎర్ర గీత ఉన్న మందులు యాంటీబయాటిక్‌లని, డాక్టరు చీటీ లేకుండా అడగవద్దని. అంటించి గంట కాలేదు, టైలరు వచ్చాడు.

"ఆ ఎర్ర గీతవి రెండివ్వండి," అన్నాడు.

"దేనికి?"

"జలుబుకి. ఇన్నాళ్ళూ నాకు మామూలువే ఇచ్చారన్నమాట. గట్టివి వేరే ఉన్నాయని ప్రభుత్వం పోస్టరు వేసేదాకా మాకు తెలియనే లేదు."

వాడి తర్వాత డ్రిల్లు మాస్టారు, ఆయన వెనకాల బ్యాంకు గుమాస్తా. అందరి వేలూ పోస్టరు వైపే. ముప్పై రెండేళ్ళ నా వ్యాపారంలో ఏ కంపెనీ ప్రకటనా ఇంత బాగా పనిచేయలేదు. ఇచ్చానా లేదా అని మాత్రం అడగకు.

సర్క్యులరు మొత్తం చదివాను. "కావున" అనే మాట ఒక్క పేజీలో నాలుగుసార్లు వచ్చింది. చిన్నప్పుడు నువ్వు నా కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని వ్యాసాలు రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ "కావున" తగిలించేదానివి. ఇది నీ పని కాదని రాయి, నా మనసు కుదుటపడుతుంది.

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం.

నీ మామయ్య

*

ఫిబ్రవరి 15

మామయ్యా,

అది నా పనే. పదమూడు పేజీలూ నేనే రాశాను. ఆరోగ్య శాఖ విధాన విభాగంలో చేరిన ఎనిమిదేళ్ళలో నా చేత్తో రాసింది అచ్చయి బయటికి రావడం ఇదే మొదలు. "కావున"లు డైరెక్టరు గారు ఇంకో ఆరు పెట్టమన్నారు, నేనే ఒప్పుకోలేదు.

నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ ఒక్క పేజీ ఓపిగ్గా చదువు. జలుబుకి ఈ మందులు పనిచేయవు. పనిచేయకపోగా ఒంట్లో ఉన్న క్రిములు వాటికి అలవాటు పడతాయి. ఈసారి చావనివి వచ్చేసారికి పిల్లల్ని పెట్టి కూర్చుంటాయి. చివరికి నిజంగా అవసరం పడ్డ రోజున ఏ మందు వేసినా లెక్కచేయవు. అలాంటి మనుషుల కాగితాలు నా బల్ల మీదికి రోజూ వస్తున్నాయి. కాన్పుకని వెళ్ళి తిరిగి రానివాళ్ళు, వేలికి దెబ్బ తగిలి చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళు. ఇది నేను ఊరికే పెట్టిన గొడవ కాదు మామయ్యా.

నీతో అబద్ధం చెప్పను. మా ఆఫీసూ అంతే. సర్క్యులరు ఖరారు చేసే సమావేశంలో డైరెక్టరు గారు ముక్కు చీదుకుంటూ జేబులోంచి ఒక స్ట్రిప్పు తీసి మాత్ర మింగారు. ఎర్ర గీతదే. "ఇది రెండోది. ఇవాళ్టితో ఆపేస్తాను, ఎక్కువ వాడకూడదు కదా," అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

మూడు నెలల్లో వాడకం ముప్పై శాతం తగ్గాలని లక్ష్యం. ప్రతి షాపూ నెలాఖరుకి ఫారం పంపాలి. నాకోసం ఒక్క మూడు నెలలు చీటీ లేనివాళ్ళకి ఇవ్వకుండా ఉండగలవా? ఆ ఊళ్ళో నీ మాట అందరూ వింటారు.

అత్తయ్యకి ఆ మూత్రంలో మంట మళ్ళీ వచ్చిందా? వస్తే నువ్వే బీరువాలోంచి తీసి ఇవ్వకు. పరీక్ష చేయించు. పై గది దుప్పట్లు అలాగే ఉంచమను, ఎప్పుడో ఒకప్పుడు వస్తాను.

నీ కోడలు పిల్ల

*

ఏప్రిల్ 2

అమ్మడూ,

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని కంగారుపడకు. కొత్త పెన్ను.

నువ్వు అడిగావు కాబట్టి మాట నిలబెట్టుకున్నాను. నీ ఉత్తరం అందిన రోజు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చీటీ లేనివాళ్ళందరినీ తిప్పి పంపాను. డ్రిల్లు మాస్టారు నాతో మాట్లాడటం మానేశాడు. టైలరు నా ప్యాంటు పొట్టిగా కుట్టాడు, అడిగితే కొలత అంతే వచ్చిందన్నాడు.

తిప్పి పంపినవాళ్ళు ఎక్కడికి పోతారు? ఎదురుగా క్లినిక్కు ఉండనే ఉంది. అక్కడ రోజుకి ఇరవై మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు అరవై. రోడ్డు మీదికి బెంచీలు వేశారు. ఆ డాక్టరు ప్రతివాడికీ యాంటీబయాటిక్ రాయలేక చెయ్యి నొప్పెట్టి, చీటీల మీద మందుల పేర్లు ముందే అచ్చు వేయించాడు. ఒక్క టిక్కు పెడితే చాలు. మీ విధానం పుణ్యమా అని ఆయనకి చెయ్యి నొప్పి తగ్గింది. మొన్న రోడ్డు దాటి వచ్చి నాకు థాంక్స్ చెప్పాడు. వాళ్ళే మళ్ళీ ఆ చీటీలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కాబట్టి రిజిస్టరు మాత్రం శుభ్రంగా ఉంది.

ఇక మార్చి సంగతి. నువ్వు సంతోషిస్తావు. మార్చి నెలంతా నా చేతి మీదుగా ఒక్క ఎర్ర గీత మాత్ర కూడా బయటికి పోలేదు. ఫారంలో సున్నా వేసి సంతకం పెట్టి పంపాను. ఎలా సాధ్యమైందని అడగకు. మీ అత్తయ్య చెప్పొద్దంది.

ఆవిడ బాగానే ఉంది.

నీ మామయ్య

*

ఏప్రిల్ 14

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. చదివి కాసేపు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. నేను అడిగింది ముప్పై శాతం. నువ్వు నూటికి నూరూ చేశావు. అత్తయ్య చెప్పొద్దన్నదీ ఎందుకో ఊహించగలను. గొప్పలు చెప్పుకోవడం ఆవిడకి మొదట్నుంచీ గిట్టదు.

ఆనందం పట్టలేక ఒక పని చేశాను. నీ ఫారం తీసుకెళ్ళి డైరెక్టరు గారికి చూపించాను. ఆయన గణాంకాధికారిని పిలిపించారు. మీ ఊళ్ళో ఉన్నవి నాలుగు షాపులు. మిగతా మూడూ ఫారాలు పంపలేదు. పంపనిచోట సున్నా అని తీసుకోవాలని మా నియమం. అలా కూడితే ఊరు మొత్తం సున్నా వచ్చింది. గణాంకాధికారి రెండుసార్లు సరిచూసి, "ఎలా కూడినా సున్నాయేనండీ," అన్నారు.

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "ఇలాంటి ఊరు మన దగ్గరే ఉంటే మనం విదేశాల నివేదికలు చదువుతున్నాం," అన్నారు. నీ షాపుని ఆదర్శ ఔషధశాలగా ప్రకటిస్తున్నారు. మే 22న ఆయనే వచ్చి ఫలకం ఆవిష్కరిస్తారు. నువ్వు మైకులో నాలుగు మాటలు మాట్లాడాలి.

ముఖ్యంగా అత్తయ్యని ముందు వరసలో కూర్చోబెట్టు.

నీ కోడలు పిల్ల

*

ఏప్రిల్ 24

అమ్మడూ,

కొంప ముంచావు.

మార్చిలో నేను అమ్మలేదంటే షాపు తెరవలేదు కాబట్టి. కుడి కంటికి శుక్లం ఆపరేషను చేయించుకున్నాను. నెల్లాళ్ళు కంటికి గంత కట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. నీకు తెలిస్తే సెలవు పెట్టి పరుగెత్తుకొస్తావని, అసలే కొత్త బాధ్యతల్లో ఉన్నావని మీ అత్తయ్య నా చేత ఒట్టు వేయించుకుంది. ఫారంలో "ఎన్ని అమ్మారు" అనే గడి ఉంది, నిజమే రాశాను. "షాపు తెరిచారా" అనే గడి లేదు.

ఏప్రిల్లో తెరిచాను. అందరూ నా కన్ను ఎలా ఉందని పలకరించి, ఆ మొహమాటంలోనే రెండేసి మాత్రలు అడిగారు. నెల్లాళ్ళు ఎదురు చూశామన్నారు. నీతో చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఇచ్చాను.

ఇన్‌స్పెక్టరు ఇప్పుడు రోజూ వస్తున్నాడు. షాపు ముందర రంగు వేయించాడు. బీరువా మీది పోస్టరు చిరిగిందని కొత్తది అంటించాడు. మొన్న చుట్టూ చూసి, "సున్నా అమ్మే షాపులో ఇన్ని యాంటీబయాటిక్‌లు కనబడితే డైరెక్టరు గారు ఏమనుకుంటారు? ఆ ఒక్క రోజుకి ఎక్కడైనా సర్దేయండి," అన్నాడు. పదకొండు అట్టపెట్టెలు ఇంటికి చేర్చాను. మీ అత్తయ్య బట్టల బీరువాలో తప్ప చోటు లేదు. ఆవిడ బట్టలు మంచం మీద ఉన్నాయి, మందులు అరల్లో ఉన్నాయి. ఏం కట్టుకున్నా ఆసుపత్రి వాసన వస్తోందని విసుక్కుంటోంది.

పోయిన వారం ఆవిడకి మళ్ళీ మంట, కొద్దిగా జ్వరం. మందు చేతికి అందేంత దూరంలోనే ఉందిగా, ఇచ్చాను. మూడు వేసుకుంది, తగ్గిందంది, ఆపేసింది. ఎప్పుడూ అంతే.

ఎలాగైనా ఆ ఫలకం ఆపించు.

నీ మామయ్య

*

మే 3

మామయ్యా,

నీ కన్ను ఎలా ఉంది? అది ముందు అడగాలి కదా అని అడుగుతున్నాను. మిగతాది కోపంతో రాస్తున్నాను.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి షాపు మూసి ఉందని చెప్పాను. ఆయన, "మూసి ఉన్నా అమ్మలేదన్నది నిజమే కదా," అన్నారు. ఫైలు పైకి వెళ్ళిపోయిందట. వెనక్కి రావాలంటే సవరణ ఫారం కావాలి, అలాంటి ఫారం ఇంకా తయారు చేయలేదు. తయారు చేయాల్సింది నేనేనట. అవన్నీ అయ్యేసరికి ఇంకో ఏడాది.

అది నా ఖర్మ. కానీ అత్తయ్య విషయంలో నువ్వు చేసింది ఏమిటి? ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాశాను? ఆవిడకి జబ్బు చేస్తే పరీక్ష చేయించడానికి ఆసుపత్రి పది నిమిషాల దూరం. నీకు బట్టల బీరువా రెండడుగులు. అంతే కదా తేడా. నా చిన్నప్పుడు నీ కౌంటరు పక్కన కూర్చుని చూశాను, ఎవడు ఏమడిగినా కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చేవాడివి. అప్పుడు నువ్వు నాకు గొప్ప వైద్యుడిలా కనిపించేవాడివి. ఇప్పుడు నేను ఈ ఆఫీసులో కూర్చుని చేస్తున్నదంతా ఆ కత్తెరని ఆపడానికే.

ఆవిడని రేపే తీసుకెళ్ళు.

మేనకోడలు

*

మే 9

గౌరవనీయులైన విధాన విభాగం అధికారిణి గారికి,

తమరి ఉత్తరం అందినది. ఆ కత్తెరతోనే తమరి స్కూలు పుస్తకాలకు అట్టలు కూడా కత్తిరించడం జరిగినది. కన్ను బాగున్నది. తమరి అత్తయ్యగారు కూడా బాగున్నారు. కావున తమరు ఆందోళన చెందనక్కరలేదు.

22వ తేదీ కార్యక్రమానికి దుకాణం సిద్ధముగా నుండును.

దుకాణదారు

*

మే 14

మామయ్యా,

కోపంతో రాసిన ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చాక వెనక్కి తీసుకుందామని మళ్ళీ వెళ్ళాను. తాళం వేసి ఉంది.

నువ్వు "కావున" అని రాసి నన్ను కొట్టావు. సరే, తగిలింది.

22న నేను రావడం లేదు. సున్నా గురించి రెండోసారి మాట్లాడినందుకు ప్రయాణం జాబితాలోంచి నా పేరు తీసేశారు. డైరెక్టరు గారూ గణాంకాధికారీ వస్తారు. మీ జిల్లా ఆసుపత్రి పెద్దలందరినీ వేదిక మీదికి పిలిచారట. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, ఫలకం తీసుకుని ఇంటికి పో.

అత్తయ్య బాగుందని రాశావు, నమ్ముతున్నాను. ఆవిడని ఒక ముక్క రాయమను. నా మీద కోపం నీకే కానీ ఆవిడకి లేదుగా.

నీ కోడలు పిల్ల

*

మే 27

అమ్మడూ,

నీకు అబద్ధం రాశాను. ఆవిడ బాగా లేదు. నేను ఆ ఉత్తరం రాసిన రోజు కూడా ఒళ్ళు వెచ్చగానే ఉంది. పౌరుషానికి పోయి బాగున్నదని రాశాను. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి మొదట్నుంచి చెబుతాను, నువ్వు నిలబడి చదువుతూ ఉంటే కూర్చో.

19 పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయింది. చలితో పళ్ళు కొట్టుకుంటున్నాయి. నడుం పట్టుకుని వంగిపోయింది. బట్టల బీరువా తలుపు తీశాను. పదకొండు పెట్టెల ముందు నిలబడ్డాను, అందులో ఏది ఇవ్వాలో నాకు తోచలేదు. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడకి ఇచ్చినవే. తలుపు మూసి ఆటో పిలిచాను.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల, నీకన్నా నాలుగైదేళ్ళు చిన్నదేమో. రక్తం, మూత్రం పరీక్షకి పంపింది. ఇంతకు ముందు ఏమేం మందులు వాడారని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్ల రాస్తూ రాస్తూ కాగితం తిప్పింది. "ఇవన్నీ ఏ డాక్టరు రాశారండీ?" అంది. మంచం మీద నుంచి మీ అత్తయ్యే, "ఆయనే," అంది.

మూడు రోజులు మామూలు ఇంజక్షన్లు ఇచ్చారు. జ్వరం దిగలేదు. 22 పొద్దున రిపోర్టు వచ్చింది. క్రిమి పేరు కింద పద్దెనిమిది మందుల జాబితా. పదిహేడింటికి ఎదురుగా "పనిచేయదు" అని ఉంది. పద్దెనిమిదోది ఒక ఇంజక్షను. అది మీ సర్క్యులరులో రిజర్వు మందు, అంటే మిగతావేవీ పనిచేయనప్పుడు వాడటానికి దాచిపెట్టింది. పదకొండో నిబంధన ప్రకారం నలుగురి కమిటీ సంతకాలు లేనిదే సీసా తెరవకూడదు. ఆసుపత్రి సూపరింటెండెంటు, ల్యాబు పెద్ద, మందుల స్టోరు అధికారి, మన మందుల ఇన్‌స్పెక్టరు.

"వాళ్ళు ఎక్కడున్నారు?" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు అదోలా చూసింది. "మీ షాపు దగ్గరండీ."

ఫారం చేతిలో పట్టుకుని ఆటో ఎక్కాను. మా వీధి మొదట్లోనే ఆపేశారు, బారికేడ్లు పెట్టారు. నడిచి వెళ్ళాను. నా షాపు ముందు వేదిక, దాని మీద తొమ్మిది కుర్చీలు. నన్ను చూడగానే మైకు పట్టుకున్నతను, "అదిగో, మనం ఎదురుచూస్తున్న ఆదర్శమూర్తి," అన్నాడు. ఇద్దరు రెక్కలు పట్టుకుని పైకి ఎక్కించారు. ఒక చేతిలో ఫలకం పెట్టారు. రెండో చేతిలో ఫారం ఉంది. సూపరింటెండెంటుకి ఫారం చాపితే, ఉపన్యాసం కాగితం అనుకుని మైకు నా ముందుకి జరిపాడు.

సరే, మాట్లాడితే గానీ వదలరని మాట్లాడాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఆ నెల నేను కంటికి గంత కట్టుకుని ఇంట్లో ఉన్నాను. షాపు మూసి ఉంది. తెరిచాక మళ్ళీ అమ్మాను. నా భార్యకి పదిహేనేళ్ళుగా డాక్టరు లేకుండా నేనే ఈ మందులు ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ పెద్దాసుపత్రిలో ఉంది, ఆవిడకి ఏదీ పనిచేయడం లేదు. ఆవిడకి కావలసిన మందుకి సంతకం పెట్టాల్సిన నలుగురూ ఇక్కడ కూర్చుని ఉన్నారు."

నా గొంతు బయటికి ఎంత వచ్చిందో నాకు తెలియదు, నా చెవుల సంగతి నీకు తెలుసుగా. జనం చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారు లేచి నా భుజం తట్టి మైకులో, "చూశారా, ఎంత సాధించినా ఎంత వినయమో," అన్నారు.

వేదిక మీద ఒక్క ఇన్‌స్పెక్టరు మాత్రమే చప్పట్లు కొట్టలేదు. దిగి వచ్చి నా చేతిలోంచి ఫారం తీసుకుని చదివాడు. ముందు అతనే సంతకం పెట్టాడు. తర్వాత మిగతా ముగ్గురి కుర్చీల వెనక్కీ వెళ్ళి ఒక్కొక్కరి చెవిలో చెప్పాడు. ల్యాబు పెద్దకి కళ్ళజోడు కారులో ఉండిపోయింది. స్టోరు అధికారి, "ఉన్నవే రెండు సీసాలు, రేపు పొద్దున మీటింగు పెట్టి చూద్దాం," అన్నాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను ఆయన వేళ్ళ మధ్య పెట్టి అలాగే నిలబడ్డాడు. నేను ఆ మనిషిని మూడు నెలలుగా తిట్టుకున్నాను.

నాలుగు సంతకాలతో వెనక్కి వెళ్ళేసరికి రెండు గంటలు గడిచాయి. మీ అత్తయ్య చేతికి సెలైను బాటిలు, దాని పక్కన ఇంకో చిన్న సీసా వేలాడుతోంది.

"మీరు బయల్దేరిన అయిదు నిమిషాలకే మొదలుపెట్టాను," అంది డాక్టరమ్మ. "బీపీ పడిపోయింది. ఆగితే మీరు తెచ్చిన కాగితం దేనికీ పనికిరాదు."

రెండో రోజుకి జ్వరం దిగింది. నిన్న లేచి కూర్చుంది. ఇవాళ ఆ డాక్టరమ్మకి మెమో వచ్చింది. పదకొండో నిబంధన ఉల్లంఘించి అనుమతి లేకుండా రిజర్వు మందు వాడినందుకు ఆమె మీద చర్య ఎందుకు తీసుకోకూడదో వారంలో చెప్పాలట. ఆ పిల్ల మెమోని మడిచి కోటు జేబులో పెట్టుకుని నాతో ఒక మాట అంది. "అంకుల్, ఈ నిబంధన చెడ్డది కాదు. ఈ ఇంజక్షను కూడా అందరికీ రాసేసి ఉంటే ఇవాళ ఆంటీకి పద్దెనిమిదోది కూడా ఉండేది కాదు. కానీ రాసినవాళ్ళు ఒక్క పూట వార్డులో నిలబడి ఉంటే బాగుండేది."

రాసింది ఎవరో నేను చెప్పలేదు.

మామయ్య

*

జూన్ 10

మామయ్యా,

చెప్పాల్సింది. నేనే ఆమెకి ఉత్తరం రాసి చెప్పాను.

నా మొదటి చిత్తులో పదకొండో నిబంధన చివర "అత్యవసర పరిస్థితుల్లో తప్ప" అని ఉంది. డైరెక్టరు గారు దాని కింద గీత గీసి, "తప్ప అని రాస్తే అందరూ తప్పించుకుంటారు," అన్నారు. అందరూ నవ్వారు. కొట్టేశాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు, నాకు అచ్చులో నా సర్క్యులరు చూసుకోవాలని తొందర. నీ కత్తెర గురించి అంత రాశాను, నా చేతిలోనూ ఒకటి ఉందని అప్పుడు తోచలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ చిత్తు పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. డాక్టరమ్మ తప్పు చేసి ఉంటే, నిబంధన అలా రాసినందుకు మొదటి మెమో నాకు ఇవ్వాలని ఫైల్లో రాసి సంతకం పెట్టాను. ఆయన మీ ఫలకం సభ మినిట్స్ చూపించారు. నీ ప్రసంగం అందులో "దుకాణదారు తన అనుభవాలను పంచుకొని కృతజ్ఞతలు తెలిపారు" అని నమోదైంది. నేను మెమో మీద విచారణ జరగనివ్వండి, అప్పుడు ఆ దుకాణదారు నిజంగా ఏం మాట్లాడారో కూడా నమోదవుతుంది అన్నాను. ఆయన మినిట్స్ మూసి సొరుగులో పెట్టేశారు.

మర్నాడు మూడు జరిగాయి. డాక్టరమ్మ మెమో ఉపసంహరించారు. పదకొండో నిబంధనలో "ముందు మొదటి మోతాదు, రెండు రోజుల్లో అనుమతి" అని సవరణ వచ్చింది, అది డైరెక్టరు గారి దూరదృష్టి అని పత్రికల్లో వచ్చింది. నన్ను ఫారాల ముద్రణ విభాగానికి మార్చారు. కింది అంతస్తు, కిటికీ లేదు. శిక్ష అనుకుని వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, ఇక్కడ గడులు గీసేది నేనేనని. మొదటి పనిగా నెలవారీ ఫారంలో "షాపు తెరిచిన రోజులు" అని ఒకటి, "ఎవరికి, ఎందుకు" అని ఒకటి చేర్చాను. పంపనివాళ్ళ దగ్గర సున్నా వేసే నియమం కొట్టేశాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఫారాలు ఎవరూ చదవరు కాబట్టి.

శనివారం వస్తున్నాను. బస్సులోనే. అత్తయ్య ఏమంటోంది? నీతో మాట్లాడుతోందా?

నీ కోడలు పిల్ల

*

జూలై 20

అమ్మడూ,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు మళ్ళీ నిశ్శబ్దం. నువ్వు ఉన్న రెండు రోజులూ మీ అత్తయ్య నాతో మాట్లాడినట్టు నటించింది. నువ్వు బస్సెక్కగానే మళ్ళీ మానేసింది. పది రోజుల తర్వాత ఒక పొద్దున చెప్పులు వేసుకుని నా వెనకాలే షాపుకి వచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాను.

"నువ్వు కాదనలేవు. నేను అనగలను," అంది.

అప్పట్నుంచి రోజూ వస్తోంది. ఎవరైనా చీటీ లేకుండా రెండు మాత్రలు అడిగితే, చెయ్యి కౌంటరు మీద పెట్టి సూదులు గుచ్చిన నల్లమచ్చలు చూపిస్తుంది. ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఎక్కడ పడుకుందో, ఏమేం పనిచేయలేదో వరసగా చెబుతుంది. మధ్యలో వెళ్ళనివ్వదు. టైలరు మొత్తం విని, ఇంటికి పోయి ఆవిరి పట్టుకున్నాడు. డ్రిల్లు మాస్టారు రెండోసారి వినలేక వేరే షాపుకి పోతున్నాడు. ఎదురు క్లినిక్కు చీటీ తెచ్చినవాళ్ళని కూడా జబ్బేమిటని అడిగి, జలుబైతే రోడ్డు అవతలికి వెనక్కి పంపుతోంది. ఆ డాక్టరు ఒకసారి గొడవకి వచ్చాడు. ఆయనకీ మొదట్నుంచి చెప్పింది. బేరం బాగా పడిపోయింది, నా నిద్ర బాగుపడింది.

జూన్ నెలకి నీ కొత్త ఫారం నింపాను. తెరిచిన రోజులు ముప్పై. యాంటీబయాటిక్‌లు ఇచ్చింది నలభై ఒక్క మందికి, అందరికీ చీటీలున్నాయి. "ఎందుకు" అనే గడి చాలా చిన్నది గీశావు, పట్టక వెనక కాగితం అంటించాను.

మొన్న మీ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మార్చిలో సున్నా ఉన్న వాడకం (ఏప్రిల్, మే ఫారాలు నేను పంపలేదు) జూన్‌లో నలభై ఒకటికి పెరిగిందట. ఇంతటి పెరుగుదల ఇంకే షాపులోనూ నమోదు కాలేదట. ఆదర్శ హోదా ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మిగతా మూడు షాపులూ ఇప్పటికీ ఫారాలు పంపడం లేదు, వాళ్ళకి ఏ నోటీసూ లేదు.

జవాబు రాద్దామని కూర్చుంటే మీ అత్తయ్య కాగితం లాక్కుంది. ఆవిడే రాసింది, ఆవిడే సంతకం పెట్టింది, ఆవిడే పోస్టు చేసింది. నకలు నీకు పంపమంది. కింద అలాగే దించుతున్నాను:

"అయ్యా, మీరు ఎక్కువైందని రాసిన నలభై ఒక్కటిలో ఒకటి నాది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక రోజుకొకటి చొప్పున వేయించుకోమని డాక్టరమ్మ రాసిచ్చిన రిజర్వు ఇంజక్షన్లు నలుగురి సంతకాలతో ఈ షాపుకే తెప్పించి తీసుకున్నాను. ఆఖరిది దాకా వేయించుకున్నాను. అంకె తగ్గాలంటే మొదట కొట్టేయాల్సింది నన్నే. నేను రోజూ పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కౌంటరు దగ్గరే ఉంటాను. మీలో ఎవరికైనా జలుబు చేస్తే రండి, కూర్చోబెట్టి మాట్లాడతాను."

మామయ్య